అద్దెకున్నవాళ్లు ఉండగానే ఇంటిని ఇంకో ఇన్వెస్టర్‌కి అమ్మడం ఎలా?

అద్దెకిచ్చిన ఇల్లు అమ్మాలనుకోగానే చాలామంది "ముందు ఖాళీ చేయిద్దాం, తర్వాత బేరం పెడదాం" అనుకుంటారు. కొనేవాళ్లు అందులో కాపురం పెట్టడానికి కొంటుంటే అది సరైన దారే. కొనేది అద్దె రాబడి కోసమే అయితే మాత్రం, నెలనెలా వేళకి అద్దె కట్టే మనిషి లోపల ఉండటం మీకు పెద్ద బలం. ఖాళీ ఇల్లు కొన్న ఇన్వెస్టర్ మళ్లీ రంగులు వేయించాలి, అద్దెకి మనుషుల్ని వెతకాలి, ఏజెంట్‌కి కమిషన్ ఇవ్వాలి, ఒకటి రెండు నెలలు అద్దె రాకుండా గడపాలి. మీ దగ్గర కొంటే మొదటి నెల నుంచే డబ్బు వస్తుంది.

అయితే ఈ రకం అమ్మకం ఎక్కడ చెడుతుందో ముందే చెప్పేస్తాను, ఎందుకంటే కింద రాసినదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. అగ్రిమెంట్‌లో ఒకటి ఉంటుంది, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఇంకోటి కనిపిస్తుంది, అద్దెకున్న మనిషిని అడిగితే మూడోది చెబుతారు. కొనేవాళ్లకి ఆ తేడా కనబడిన రోజు బేరం ఆగుతుంది, లేదంటే ధర దిగుతుంది. ఈ మూడూ ఒకే మాట చెప్పేలా చేసుకోవడమే మీ అసలు పని. ఇల్లు చూపించడం, రేటు మాట్లాడటం, రిజిస్ట్రేషన్ ఇవన్నీ ఆ తర్వాత వచ్చేవే.

ముందు అగ్రిమెంట్ బయటికి తీయండి

ఎన్నేళ్ల కిందటో సంతకం పెట్టి ఫైల్లో పడేసిన అగ్రిమెంట్‌ని ఈసారి మొదటి లైను నుంచి చివరి లైను దాకా చదవండి. గడువు ఎప్పటిదాకా ఉంది, గడువు అయిపోయినా కొత్తది రాసుకోకుండా అలాగే నడుస్తోందా, ఎవరు ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, అద్దె ఎప్పుడు ఎంత పెంచుకోవచ్చు, అడ్వాన్స్ ఎంత తీసుకున్నారు, రిపేర్లు ఎవరి బాధ్యత, కరెంటు, నీళ్లు, మెయింటెనెన్స్ ఎవరు కడుతున్నారు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. రెండు విషయాల దగ్గర ప్రత్యేకంగా ఆగండి. ఇల్లు అమ్మితే అద్దె ఒప్పందం ఏమవుతుందని రాసుంటే అది ఒకటి. అమ్మేటప్పుడు ముందు అద్దెదారునే అడగాలన్న షరతు ఉంటే అది రెండోది. కొన్నిచోట్ల అగ్రిమెంట్‌లో లేకపోయినా చట్టమే ఆ హక్కు ఇస్తుంది. ఉదాహరణకి జర్మనీలో అద్దెకిచ్చిన ఇంటిని ఆ తర్వాత విడి ఫ్లాట్‌గా మార్చి అమ్ముతుంటే, మామూలుగా అందులో ఉంటున్న అద్దెదారుకి ముందు కొనుక్కునే హక్కు ఉంటుంది, అది సివిల్ కోడ్ 577వ సెక్షన్. మీ ఇల్లు ఎక్కడుందో అక్కడి లాయర్‌ని ఈ ఒక్క ప్రశ్న అయినా అడిగి తేల్చుకోండి. ఈ హక్కు ఉన్నచోట దాన్ని దాటేసి వేరేవాళ్లకి అమ్మితే గొడవ చివర్లో మీ మెడకే చుట్టుకుంటుంది.

ఇంకో విషయం కూడా మనసులో గట్టిగా పెట్టుకోండి. ఇల్లు చేతులు మారినంత మాత్రాన అద్దె ఒప్పందం రద్దు కాదు, కొన్నవాళ్లు ఆ ఒప్పందంతో సహా కొన్నట్టు లెక్క. చాలా దేశాల చట్టాల్లో మూల సూత్రం ఇదే. మన దేశంలో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 109వ సెక్షన్ ప్రకారం లీజులో ఉన్న ఆస్తిని కొన్నవాళ్లకి, వేరే ఒప్పందం ఏమీ లేకపోతే, పాత ఓనర్‌కి ఉన్న హక్కులన్నీ వస్తాయి. జర్మనీలో 566వ సెక్షన్‌ది కూడా ఇదే దారి. కాబట్టి "కొన్నాక వాళ్లని ఖాళీ చేయించుకోవచ్చులెండి" అని కొనేవాళ్లకి నోటిమాటగా కూడా చెప్పకండి. అది మీ చేతిలో లేని విషయం, రేపు గొడవైతే ఆ మాటే పట్టుకుంటారు.

అద్దెకున్నవాళ్లకి మీరే చెప్పండి, అందరికంటే ముందు

చాలామంది ఓనర్లు ఇక్కడే తప్పు చేస్తారు. ముందే చెబితే భయపడి ఖాళీ చేసి వెళ్లిపోతారేమో, అద్దె ఆపేస్తారేమో అని చివరిదాకా దాస్తారు. ఇల్లు చూడటానికి ఎవరో ఏజెంట్ వచ్చి తలుపు కొట్టినప్పుడు వాళ్లకి సంగతి తెలుస్తుంది. ఆ క్షణం వాళ్ల స్థానంలో ఉండి ఆలోచించండి. పిల్లల స్కూలు, ఆఫీసుకి దూరం, సామాన్లు అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు తిరుగుతాయి. ఆ కోపంలో, ఆ టెన్షన్‌లో వచ్చినవాళ్లతో వాళ్లు ఏం మాట్లాడినా వాళ్లని తప్పు పట్టలేం.

ఫోన్‌లో మెసేజ్ పెట్టి ఊరుకోవద్దు. వెళ్లి కూర్చుని చెప్పండి. నేను చెప్పిన పద్ధతి ఇది: "అండీ, ఈ ఇల్లు అమ్మాలనుకుంటున్నాను. అద్దెకి ఇచ్చుకోవడానికి కొనేవాళ్లకే అమ్ముదామని చూస్తున్నాను, కాబట్టి మీ అగ్రిమెంట్ ఉన్నన్నాళ్లు అది అలాగే నడుస్తుంది, మీ అడ్వాన్స్ ఎక్కడికీ పోదు, అది కాగితం మీద రాయించి ఇస్తాను. ఇల్లు చూడటానికి ఎవరైనా వస్తే ఒకరోజు ముందు మిమ్మల్ని అడిగాకే తీసుకొస్తాను. మీకు ఇబ్బందిగా ఉన్నవి ఏమైనా ఉంటే ఇప్పుడే చెప్పండి." అంతే. ఎక్కువ హామీలు ఇవ్వకండి. "కొత్త ఓనర్ ఎప్పటికీ అద్దె పెంచరు" లాంటి మాట ఇవ్వడానికి మీకు హక్కు లేదు.

అదే కూర్చున్నప్పుడు ఇంకో ప్రశ్న కూడా అడగండి, "మీరే కొంటారా?" అని. మొహమాటంతో దీన్ని వదిలేస్తారు చాలామంది. ఆ ఇంటి మంచిచెడ్డలు మీకంటే వాళ్లకే ఎక్కువ తెలుసు, చూపించే పని లేదు, సామాన్లు కదిలించే పని అంతకన్నా లేదు. వాళ్లు కాదన్నా నష్టం లేదు, అడిగారన్న గౌరవం అయినా మిగులుతుంది.

ఇక నాకు జరిగింది చెబుతాను. నేను మొదటిసారి ఇలా ఒక ఫ్లాట్ అమ్మినప్పుడు అడ్వాన్స్ రెండు నెలల అద్దె అని కొనేవాళ్లకి చెప్పాను, అగ్రిమెంట్‌లో అదే ఉంది. ఆయన ఇల్లు చూడటానికి వచ్చి, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర నిలబడి లోపల ఉంటున్న ఆవిడని మామూలుగానే అడిగారు, "అడ్వాన్స్ ఎంత ఇచ్చారమ్మా?" అని. ఆవిడ "మూడు నెలలు" అన్నారు. నాకు ఒక్క నిమిషం ఏం అర్థం కాలేదు. ఆవిడ లోపలికి వెళ్లి ఒక పాత నోట్‌బుక్ తెచ్చారు. కరెంటు రీడింగులు, గ్యాస్ తేదీలు రాసుకునే నోట్‌బుక్ అది, మధ్య పేజీలో ఒక రసీదు అతికించి ఉంది, అంచులు పసుపు పచ్చగా మారాయి, కింద నా సంతకం స్పష్టంగా ఉంది. అగ్రిమెంట్ రెన్యూ చేసిన ఏడాది అద్దె పెంచనందుకు బదులుగా ఇంకో నెల అడ్వాన్స్ తీసుకున్నాను. అది నేను ఎక్కడా రాసుకోలేదు. డబ్బు పెద్దది కాదు. కానీ కొనే ఆయనకి ఆ క్షణం నుంచి నేను చెప్పిన ప్రతి అంకె మీదా అనుమానం మొదలైంది. మూడేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు అడిగారు, రెండు వారాలు ఏమీ తేల్చలేదు, చివరికి నేను ఒక మెట్టు దిగితే గానీ బేరం కుదరలేదు. ఆ నోట్‌బుక్‌ని నేను వారం ముందు చూసి ఉంటే ఇదేమీ జరిగేది కాదు. అందుకే అంటున్నాను, ముందు అద్దెకున్నవాళ్లతో కూర్చోండి, వాళ్ల దగ్గరున్న రసీదులు మీరే అడిగి చూడండి.

ఫైల్ తయారు చేయడం

కనీసం 24 నెలల అద్దె లెక్క ఒక పట్టికలా రాయండి. ఏ నెల, ఎంత రావాలి, ఎంత వచ్చింది, ఏ తేదీన వచ్చింది. పక్కనే బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ ఎంట్రీలకి గుర్తు పెట్టండి, మిగతా లావాదేవీలు కనబడకుండా కొట్టేయండి. నగదుగా తీసుకున్న నెలలుంటే రసీదు కాపీలు పెట్టండి. రెండు నెలలు ఆలస్యంగా వచ్చినట్టుంటే అలాగే చూపించండి, దాన్ని సర్దేయాలని చూడకండి. ఇన్వెస్టర్‌కి ఆలస్యం పెద్ద భయం కాదు, మీరు దాచారని తెలియడమే భయం.

దీనికి తోడు అగ్రిమెంట్, రెన్యూవల్ కాగితాలు, అడ్వాన్స్ రసీదు, ఆస్తి పన్ను కట్టిన రసీదులు, మెయింటెనెన్స్ బాకీ లేదన్న కాగితం, ఇన్సూరెన్స్ ఉంటే ఆ పాలసీ, చేయించిన రిపేర్ల బిల్లులు, ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు తీసిన ఫోటోలు, లోపల మీ సామాను ఏమేం ఉన్నాయో ఆ జాబితా కూడా చేర్చండి. ఫ్యాన్లు, గీజర్, ఏసీ, కిచెన్ అరలు ఎవరివి అన్నది ఇప్పుడే తేల్చండి. అద్దెకున్నవాళ్లు సొంత డబ్బుతో పెట్టించుకున్న ఏసీని మీరు ఇంటితో పాటు అమ్మేసినట్టు రాసుకుంటే రేపు ఇద్దరి ముందూ మీరే నిలబడాలి.

నోటిమాటగా నడుస్తున్నవాటి సంగతి కూడా చూడండి. "ఈ ఏడాది పెంచనులెండి" అన్నారు, పై రూము సామాన్లు పెట్టుకోవడానికి వాడుకోమన్నారు, గోడకి పెట్టిన పెయింట్ డబ్బు అద్దెలో తగ్గించుకోమన్నారు. అలాంటివన్నీ అగ్రిమెంట్‌కి ఒక చిన్న అనుబంధ కాగితంగా రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. కొనేవాళ్లకి మీ నోటిమాటలు కనబడవు, అవి కాగితం మీద ఉంటే ధరలో లెక్క కట్టుకుని కొంటారు.

చివరగా అన్నిటికంటే విలువైన కాగితం ఒకటుంది. అద్దెదారు సంతకంతో ఒక పేజీ ధృవీకరణ. అమెరికాలో దీన్ని ఎస్టాపెల్ సర్టిఫికెట్ అంటారు, అక్కడ కమర్షియల్ ఆస్తుల అమ్మకాల్లో బ్యాంకులు కూడా ఇది అడుగుతాయి. పేరు ఏదైనా, ఎక్కడైనా పనికొచ్చే కాగితమే. అందులో ఉండాల్సినవి ఇవి: ఏ తేదీ అగ్రిమెంట్ ప్రకారం ఉంటున్నారు, దానికి మార్పులు ఏమైనా జరిగాయా, ఇప్పటి అద్దె ఎంత, ఏ నెల దాకా కట్టారు, ముందుగా కట్టిన అద్దె ఏమైనా ఉందా, అడ్వాన్స్ ఎంత ఇచ్చారు, ఓనర్ చేయాల్సిన రిపేర్లు ఏమైనా మిగిలి ఉన్నాయా, ఓనర్ మీద ఫిర్యాదులు ఉన్నాయా, వేరేవాళ్లకి అద్దెకి ఇచ్చారా. ఖాళీలు నింపి సంతకం పెట్టమని వాళ్లని తొందర పెట్టకండి, చదువుకోవడానికి రెండు మూడు రోజులు టైమ్ ఇవ్వండి. రిపేర్ల దగ్గర ఏదైనా రాస్తే వాదించకుండా వెంటనే చేయించండి. ఒక ట్యాప్, ఒక గీజర్ కాయిల్ మార్చడానికి అయ్యే ఖర్చుకి, అదే మాట కొనేవాళ్ల ముందు వస్తే తగ్గే ధరకి పోలికే లేదు.

ధర: అద్దె చూసి కాదు, మిగిలేది చూసి

ఇన్వెస్టర్ మీ ఇంటి గోడల రంగు కంటే ముందు చేతికి ఎంత మిగులుతుందో చూస్తారు. ఆ లెక్క మీరు వాళ్లకంటే ముందు వేసుకోవాలి. నెల అద్దె 3,000 అనుకుందాం, ఏ డబ్బు అయినా సరే. ఏడాదికి 36,000. ఇందులోంచి ఓనర్ కట్టే మెయింటెనెన్స్ 3,600, ఆస్తి పన్ను 1,800, ఇన్సూరెన్స్ 600, రిపేర్లకి సగటున 2,000, రెండేళ్లకి ఒక నెల ఖాళీగా ఉంటుందనుకుని ఏడాదికి 1,500 తీసేయండి. మొత్తం ఖర్చు 9,500. మిగిలేది 26,500.

కొనేవాళ్లు పెట్టిన డబ్బు మీద ఏడాదికి 5 శాతం రావాలని చూస్తే 26,500ని 5 శాతంతో భాగిస్తే 5,30,000 వస్తుంది. 6 శాతం కావాలనుకునేవాళ్లకి అదే ఇల్లు సుమారు 4,41,700. ఖర్చులు తీయకుండా 36,000 మీదే 5 శాతం లెక్క వేస్తే 7,20,000 వస్తుంది, చాలామంది ఓనర్లు అడిగే రేటు ఇదే, ఇన్వెస్టర్ మొదటి ఫోన్‌లోనే వదిలేసేదీ ఇదే. లోను ఈఎంఐ ఈ ఖర్చుల్లో రాయకండి, అది మీ అప్పు, ఇంటి ఖర్చు కాదు. ఊళ్లో ఇలాంటి ఇళ్లు ఎంత శాతం రాబడి మీద చేతులు మారుతున్నాయో తెలిస్తే మీ ధర చెప్పడానికి ఆధారం దొరుకుతుంది. స్థలం విలువ పెరుగుతుందన్న ఆశతో తక్కువ రాబడికి కూడా కొనేవాళ్లు ఉంటారు, అలాంటి చోట పక్కన అమ్ముడైన ధరలే ఎక్కువ మాట్లాడతాయి, కానీ ఈ లెక్క అప్పుడు కూడా చేతిలో ఉండాలి.

ఈ లెక్కలోనే ఒక మంచి సంగతి ఉంది. అగ్రిమెంట్ ప్రకారం రావాల్సిన పెంపు మీరు మొహమాటంతో వదిలేసి ఉంటే, నెలకి 150 పెరిగినా ఏడాదికి 1,800, 5 శాతం లెక్కలో ధర మీద 36,000 తేడా. అమ్మకానికి ఆరు నెలల ముందే న్యాయంగా రావాల్సిన పెంపు తీసుకోండి. అమ్మేముందు నెలలో హడావిడిగా పెంచితే మాత్రం ఎవరూ నమ్మరు, పైగా అద్దెకున్నవాళ్లతో చెడుతుంది. ఇక ప్రస్తుత అద్దె చుట్టుపక్కల కంటే చాలా తక్కువైతే, "పెంచుకుంటే ఇంత వస్తుంది" అన్న లెక్క మీద పూర్తి ధర అడగకండి. అగ్రిమెంట్ గడువు ఎప్పుడు అవుతుందో, అక్కడి చట్టం ఎంత పెంచనిస్తుందో దాన్ని బట్టే కొనేవాళ్లు ఆ భాగానికి విలువ ఇస్తారు.

ఎవరికి చెప్పాలి, ఎలా చూపించాలి

మొదట అదే బిల్డింగ్‌లో ఇప్పటికే ఒకటో రెండో ఫ్లాట్లు అద్దెకిచ్చినవాళ్లని అడగండి. ఆ ఇంటి మెయింటెనెన్స్, లిఫ్ట్, నీళ్ల సంగతి వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. తర్వాత అద్దె ఇళ్లు చూసుకునే ఏజెంట్లు, వాళ్ల దగ్గర రాబడి కోసం కొనేవాళ్ల లిస్టు ఉంటుంది. ప్రకటన ఇచ్చేటప్పుడు మొదటి లైన్లోనే "అద్దెదారుతో సహా అమ్మకం, అగ్రిమెంట్ ఫలానా నెల దాకా, నెల అద్దె ఇంత, ఖర్చులు పోను ఏడాదికి ఇంత" అని రాయండి. కాపురానికి వెతికేవాళ్లు అక్కడే తప్పుకుంటారు, ఫోన్ల బెడద సగం తగ్గుతుంది.

ఇల్లు చూపించడం వేరేవాళ్ల బతుకులోకి మనుషుల్ని తీసుకెళ్లడమే. కనీసం 24 గంటల ముందు అడగండి, అక్కడి చట్టం ఇంకా ఎక్కువ చెబితే అదే పాటించండి. వారంలో ఒకే రోజు, ఒక గంట పెట్టుకుని ముగ్గురు నలుగురిని వరసగా రమ్మంటే వాళ్లకి రోజూ తలుపు తీసే బాధ ఉండదు. వాళ్ల సామాన్లు, పిల్లల ఫోటోలు కనబడేలా ఇంటి ఫోటోలు తీసి పెట్టకండి, ఇల్లు ఖాళీగా ఉన్నప్పటి పాత ఫోటోలు ఉంటే అవే వాడండి. బీరువాలు తెరవనివ్వకండి. వాళ్ల ఆధార్ కాపీలు, ఫోన్ నంబర్, జీతం వివరాలు చూడటానికి వచ్చిన ప్రతివాళ్లకీ పంపకండి, బేరం కుదిరి అగ్రిమెంట్ రాసుకునే దశలో అవసరమైనంత వరకే, వాళ్లకి చెప్పి ఇవ్వండి. ఓపికగా సహకరించినందుకు ఒక నెల అద్దెలో కొంత తగ్గిస్తే ఇంకా మంచిది. నా వరకు అది దండగ ఖర్చు కాదు.

అమ్మకం అగ్రిమెంట్‌లో తప్పకుండా రాయించాల్సినవి

మామూలు అమ్మకం అగ్రిమెంట్ నమూనా తీసుకుని పేర్లు మార్చి సంతకాలు పెడితే సరిపోదు. ఇల్లు ఫలానా అద్దెదారు ఉండగా, ఫలానా తేదీ అగ్రిమెంట్‌కి లోబడి అమ్ముతున్నట్టు స్పష్టంగా ఉండాలి, ఆ అగ్రిమెంట్ కాపీ దీనికి జత చేయాలి. ఖాళీ ఇల్లు అప్పగిస్తామని నమూనాలో ఉండే లైను పొరపాటున మిగిలిపోతే పెద్ద తలనొప్పి, దాన్ని వెతికి మరీ కొట్టేయించండి.

బయానా తీసుకున్న రోజు నుంచి రిజిస్ట్రేషన్ దాకా మధ్యలో కొనేవాళ్లని అడక్కుండా అద్దె తగ్గించడం, కొత్త అగ్రిమెంట్ రాయడం, అడ్వాన్స్ వెనక్కి ఇవ్వడం చేయనని మీరు ఒప్పుకోవాలి. అలాగే మధ్యలో అద్దెదారు నోటీసు ఇచ్చి వెళ్లిపోతే ఏం చేయాలో ముందే రాసుకోండి. బేరం రద్దా, ధర కొంత తగ్గించాలా, కొనేవాళ్లు అలాగే తీసుకుంటారా? దీని గురించి ఎవరూ మాట్లాడరు, జరిగిన రోజు ఇద్దరూ పోట్లాడుకుంటారు. పాత బకాయిల సంగతి కూడా రాయండి. భారత చట్టంలో 109వ సెక్షన్ ప్రకారం అమ్మకానికి ముందు రావాల్సిన అద్దె బకాయి మీద కొన్నవాళ్లకి తనంతట తాను హక్కు రాదు, కాబట్టి ఆ బకాయి మీరు వసూలు చేసుకుంటారా, కొనేవాళ్లకి రాసిస్తారా తేల్చండి. నా సలహా అడిగితే, బకాయి ఉంటే రిజిస్ట్రేషన్‌కి ముందే కట్టించుకోండి. ఓనర్ మారాక పాత ఓనర్ వెళ్లి అడిగితే ఆ డబ్బు రావడం కష్టం.

ఇంటి మీద మీ లోను ఉంటే దాని బాకీ ఎంతో బ్యాంకు నుంచి రాతలో తెచ్చుకుని, కొనేవాళ్లు ఇచ్చే డబ్బులోంచి అది నేరుగా బ్యాంకుకి వెళ్లేలా చూసుకోండి. పన్నుల సంగతి ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది, బయానా తీసుకునే ముందే ఆడిటర్‌తో ఒకసారి మాట్లాడండి, తీసుకున్నాక కాదు.

రిజిస్ట్రేషన్ రోజు లెక్క

ఇది చిన్న లెక్కే, కానీ ముందురోజే రాసి ఇద్దరూ సరే అనుకోవాలి. అదే 3,000 అద్దె, 30 రోజుల నెల, రిజిస్ట్రేషన్ 18వ తేదీన. ఆ నెల అద్దె మీరు ఒకటో తేదీనే తీసుకున్నారు. రోజుకి 100 చొప్పున 17 రోజులది 1,700 మీది, 18 నుంచి 30 దాకా 13 రోజులది 1,300 కొన్నవాళ్లది. అడ్వాన్స్ మూడు నెలలు, అంటే 9,000, అది మీ డబ్బు కానే కాదు, అద్దెకున్నవాళ్లది. కాబట్టి మీకు రావాల్సిన మొత్తంలోంచి 10,300 తగ్గించుకుని కొన్నవాళ్లు చెల్లిస్తారు. ఆస్తి పన్ను, మెయింటెనెన్స్ మీరు ముందుగా కట్టి ఉంటే ఆ మిగతా నెలలది మీకు కలుస్తుంది. ఎవరి రోజు ఎవరిది, రిజిస్ట్రేషన్ రోజు అద్దె ఎవరికి అన్నది కూడా ఒక లైన్లో రాసుకోండి.

అడ్వాన్స్ విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. డబ్బు కొత్త ఓనర్‌కి వెళ్లినా మీ బాధ్యత అక్కడితో తీరిపోయిందనుకోకండి. జర్మనీలో 566ఏ సెక్షన్ ప్రకారం ఇల్లు ఖాళీ చేశాక అడ్వాన్స్ కొత్త ఓనర్ దగ్గర వసూలు కాకపోతే పాత ఓనరే ఇవ్వాలి. మీ దగ్గర చట్టం ఏదైనా, "ఇంత అడ్వాన్స్ నాకు ముట్టింది, తిరిగి ఇచ్చే బాధ్యత నాది" అని కొన్నవాళ్ల సంతకంతో రసీదు తీసుకోండి, అద్దెకున్నవాళ్ల దగ్గర కూడా ఆ మార్పు తెలిసిందని ఒక సంతకం తీసుకోండి.

అద్దెకున్నవాళ్లకి ఇచ్చే ఉత్తరం

రిజిస్ట్రేషన్ అయిన రోజే ఇది వాళ్ల చేతికి వెళ్లాలి. కొత్త ఓనర్ పేరు, చిరునామా, ఏ నెల నుంచి అద్దె ఏ ఖాతాలో వేయాలి, రిపేర్లకి ఎవరికి ఫోన్ చేయాలి, అడ్వాన్స్ ఎంత కొత్త ఓనర్‌కి బదిలీ అయింది, పాత అగ్రిమెంట్ అలాగే నడుస్తుందన్న మాట, ఇంతే. కింద మీ సంతకం, కొత్త ఓనర్ సంతకం రెండూ ఉండాలి. కొత్త మనిషి ఒక్కరే ఫోన్ చేసి "ఇకనుంచి అద్దె నాకు వేయండి" అంటే ఎవరైనా మోసమేమో అని భయపడతారు, భయపడాలి కూడా. మీరే కొత్త ఓనర్‌ని వెంట తీసుకెళ్లి పరిచయం చేసి ఆ కాగితం ఇవ్వండి, పది నిమిషాల పని.

ఇది మర్యాద కోసం మాత్రమే చెప్పడం లేదు. భారత చట్టంలో అదే 109వ సెక్షన్ ప్రకారం ఇల్లు చేతులు మారిందని తెలియక అద్దెదారు పాత ఓనర్‌కే అద్దె కట్టేస్తే, కొత్త ఓనర్‌కి మళ్లీ కట్టక్కర్లేదు. అప్పుడు ఆ డబ్బు కోసం కొన్నవాళ్లు మీ వెంట పడతారు. ఇంగ్లండ్‌లో 1985 నాటి చట్టం ప్రకారం ఇల్లు కొన్న కొత్త ఓనర్ తన పేరు, చిరునామా అద్దెదారుకి రాతపూర్వకంగా తెలియజేయాలి, తర్వాతి అద్దె తేదీ రెండు నెలల లోపే ఉంటే అందుకు రెండు నెలల దాకా గడువు ఉంటుంది. ఆ గడువు కోసం ఆగే అవసరం ఏముంది, అదే రోజు ఇచ్చేయండి.

ఆ తర్వాత నెల మీ ఖాతా ఒకసారి చూసుకోండి. వాళ్లు ఎప్పుడో పెట్టిన ఆటో పేమెంట్ ఆగకపోతే అద్దె మళ్లీ మీకే వచ్చి పడుతుంది. వస్తే అదే రోజు కొత్త ఓనర్‌కి పంపి, ఇద్దరికీ మెసేజ్ పెట్టండి. మీ పేరు మీదున్న కరెంటు, నీళ్లు, గ్యాస్ కనెక్షన్లు మార్పించండి, ఇన్సూరెన్స్ రిజిస్ట్రేషన్ పూర్తయ్యాకే ఆపించండి, ముందు ఆపకండి. బిల్డింగ్ కమిటీలో పేరు మార్చమని రాతలో ఇవ్వండి. మీ దగ్గరున్న మారు తాళంచెవులన్నీ లెక్కపెట్టి ఇచ్చి, ఎన్ని ఇచ్చారో రాయించుకోండి. మీటర్ రీడింగ్ ఫోటో తీసి పెట్టుకోండి. అద్దె లెక్కలు, అడ్వాన్స్ రసీదులు, ఆ ఉత్తరం కాపీ అన్నీ ఒకే కవర్లో పెట్టి కొన్నేళ్ల పాటు దాచండి, ఎందుకంటే వాళ్లు ఖాళీ చేసే రోజున అడ్వాన్స్ దగ్గర తేడా వస్తే ఇద్దరూ మొదట ఫోన్ చేసేది మీకే.